ఖాసిం బాబాయి చెప్పిన హిందీ

మొన్న మా ఇంటి టీవీలో ఆ పాత సీరియల్ రాకపోయి ఉంటే నేను మా ఖాసిం బాబాయిని క్షమించేసేదాన్ని. సగానికి పైగా క్షమించేశాను కూడా. కంటి ఆపరేషన్ కోసం దర్శి నుంచి వచ్చి మంగళగిరిలో మా ఇంట్లో దిగాడు. ఒక కంటి మీద గుడ్డ, నోట్లో అక్కడో పన్ను ఇక్కడో పన్ను, బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా గోడ పట్టుకుని నడక. అలాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవాలంటే చాలా ఓపిక కావాలి. నాకు అంత ఓపిక ఏనాడూ లేదు. వేళకి చుక్కల మందు వేశాను, మెత్తగా అన్నం కలిపి పెట్టాను, దిండు ఎత్తు చాల్లేదంటే ఇంకోటి తెచ్చి వేశాను. మా నాన్నకి స్వయానా తమ్ముడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పినవాడు. నా చదువు ఆగిపోవడానికి కారణమైనవాడు కూడా ఆయనే. ఈ రెండూ ఒకే మనిషి చేశాడని ఒప్పుకోవడానికి నాకు ఇంత వయసొచ్చింది.

హాల్లో మంచం మీద మా అమ్మ ఉంటుంది. నాన్న పోయిన దగ్గర్నించీ నా దగ్గరే. కాళ్ళు నడవనివ్వడం లేదు గానీ చెవులూ నోరూ పదునుగానే ఉన్నాయి. మా అమ్మకి ఒక అలవాటు. నేను దేనికైనా ఎదురు చెప్పానంటే చాలు, "గోడౌను బుద్ధులు ఎక్కడికి పోతాయ్‌లే" అంటుంది. మా అబ్బాయి తన ఆఫీసులో పనిచేసే షాహీనని చేసుకున్న రోజున, వచ్చిన చుట్టాలందరి ముందూ "తల్లి గోడౌను, కొడుకు ఆఫీసు, పెద్ద తేడా ఏముంది" అనేసింది. కొత్త కోడలు పాపం ఇదేదో మా ఇంటి సామెత అనుకుని నవ్వింది. తర్వాత ఒకసారి అడిగింది కూడా, గోడౌను అంటే ఏంటత్తయ్యా అని. నేను మాట మార్చాను. అమ్మ ఉండగానే, అమ్మ వినేలా, ఆ మాట అబద్ధమని బాబాయి నోటితో చెప్పించాలని ఒక కోరిక నా కడుపులో ఎన్నేళ్ళ నుంచో ఉంది. ఈసారి ఆయన వచ్చినప్పుడు అదీ వద్దులే అనుకున్నాను. ముసలివాడైపోయాడు, ఇప్పుడు చెప్పి ఏం లాభం, అనుకున్నాను.

ఆదివారం పొద్దున బాబాయి లోపలి గదిలో పడుకున్నాడు. షాహీన ఫోన్లో ఏదో వెతుకుతూ, "అత్తయ్యా, మీరెప్పుడూ చెప్తుంటారే వాచీల సారు అని, ఇదేనా చూడండి" అని దాన్ని టీవీలోకి మార్చింది. నిజంగా అదే. అదే సంగీతం, అదే ఇరుకు సందు, అదే చెక్క కొట్టు. నాకు ఒక్కసారి ముక్కులోకి పచ్చి పత్తి వాసన వచ్చింది.

దాని అసలు పేరు అప్పట్లో మాకెవరికీ తెలీదు, హిందీలో ఏదో ఉండేది. మా వీధికి మాత్రం అది వాచీల సారు. అతనొక గూఢచారి. ఏదో పని చెడిపోతే, పంపించిన పైవాళ్ళే "ఈ మనిషి ఎవరో మాకు తెలీదు" అని చేతులు దులిపేసుకుంటారు. జీతం పోయింది, ఇల్లు పోయింది, చివరికి పేరు కూడా పోయింది. పాపం ఒక సందులో వాచీలు బాగుచేసే కొట్టు పెట్టుకుని, ఆ సందు జనానికి వచ్చే చిన్న చిన్న తిప్పలన్నీ తన పాత విద్యలతో చక్కబెడుతుంటాడు. తప్పిపోయిన మేకని పట్టుకోవడానికి చీర కట్టుకుని ముసలమ్మ వేషం వేస్తాడు. అద్దె కోసం గొడవ చేసే ఇంటాయన్ని భయపెట్టడానికి అలారం గడియారాన్ని బాంబు అని నమ్మిస్తాడు. తుపాకీ ఎప్పుడూ పేలదు, నవ్వుకోవడమే. ప్రతివారం మొదట్లో పెద్ద ఆఫీసు చూపించేవాళ్ళు. బట్టతల ఆఫీసరు బల్ల మీద గుద్ది, గోడకున్న వాచీల సారు ఫొటో తీయించేస్తాడు. చివర్లో మళ్ళీ ఆ బట్టతలాయనే కిటికీ దగ్గర నిలబడి టీ తాగి, ఏదో ఒక మాట అని, కప్పుని సాసర్లో బోర్లిస్తాడు. దాంతో ఆ వారానికి అయిపోతుంది.

మాది దూదేకుల ఇల్లు. దర్శిలో ముందు పంచలో పరుపుల పని, వెనక రెండు గదుల్లో కాపురం. పంచ దూలానికి దూదేకే విల్లు వేలాడుతుండేది. నాన్నో బాబాయో దాని తీగ మీద కొయ్యతో కొడుతుంటే టంగు టంగుమని మోగుతూ, గడ్డకట్టిన పాత దూది విచ్చుకుని గాల్లోకి లేచేది. ఆ మోతలో హాయిగా నిద్రపోయేవాళ్ళం, మోత ఆగితే మెలకువ వచ్చేది. దూది లేని చోటు ఆ ఇంట్లో లేదు. కూరలో దూది, నీళ్ళకుండ మీద దూది, నా జడలో దూది. మా నాయనమ్మ ప్రతి ముద్దనీ నోట్లో పెట్టుకోబోయే ముందు వెలుతురు వైపు తిప్పి చూసి, పోగు కనబడితే లాగి పారేసి అప్పుడు తినేది. పెళ్ళిళ్ళలో మంచి భోజనం పెట్టినా అలాగే చేసేది, వడ్డించేవాళ్ళకి కోపం వచ్చేది. మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో ఊరి చుట్టూ కళ్ళాల్లో ఎర్రగా ఎండుతుండేవి, గాలి ఇటు తిరిగితే ఆ ఘాటు నేరుగా పంచలోకొచ్చేది. దూది దుమ్ముకి తుమ్ములు, మిరప ఘాటుకి దగ్గులు. అమ్మ మాత్రం ముక్కుకి కొంగు చుట్టుకుని, కాళ్ళు చాపుకుని, పెద్ద సూదితో పరుపులు కుడుతూ కూర్చునేది. అమ్మ కుట్టిన పరుపు మూల ఎప్పుడూ వంకర పోయేది కాదు.

ఎదురుగా పత్తి వ్యాపారి సుబ్బరామయ్య గారి మేడ. వాళ్ళ వెనక దొడ్లో గోడౌను ఉండేది, రైతుల దగ్గర కొన్న పత్తి అక్కడ గుట్టలుగా పోసి మిల్లుకి తోలేవాళ్ళు. మిల్లు తీసుకోని నాసిరకం పత్తి మాకు వచ్చేది. ఒక్క మాటలో చెప్పాలంటే మా పొయ్యి వాళ్ళ పత్తితోనే వెలిగేది. వీధిలో టీవీ ఉన్నది కూడా వాళ్ళింట్లోనే. ఆదివారం పొద్దున పని ఆపేసి, తలస్నానాలు చేసి దూది వదిలించుకుని, వీధి వీధంతా వాళ్ళ హాల్లో కూర్చునేది. ఆడవాళ్ళు గుమ్మం దగ్గర, పిల్లలం నేల మీద, సుబ్బరామయ్య గారు పడక్కుర్చీలో. టీవీ పక్కన స్టూలు మీద మా ఖాసిం బాబాయి. ఎందుకంటే సీరియల్ హిందీ. హిందీ ఎవరికొస్తుంది? సాయిబులకి రాకపోతే ఇంకెవరికొస్తుంది? అది ఆ వీధి లెక్క.

మేము దూదేకులవాళ్ళం, మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. నమాజుకి నాలుగు ముక్కలు వచ్చు, అవీ తెలుగు యాసలోనే. కానీ పత్తి ఏరేవాళ్ళ నుంచి స్కూలు మాస్టారి వరకూ అందరూ మమ్మల్ని చూసి, వీళ్ళకి హిందీ పుట్టుకతో వస్తుందనుకునేవాళ్ళు. నాన్న "మాకు రాదండీ" అని నిజం చెప్తే, "భలే బుకాయిస్తావే" అని నవ్వేవాళ్ళు. బాబాయికి ఆ బాధ లేదు. "ఏం ఖాసిమూ, ఏమంటున్నాడ్రా వాడు?" అని సుబ్బరామయ్య గారు అడగ్గానే గొంతు సవరించుకుని టకటకా చెప్పేసేవాడు. ఒకసారి గోడౌనుకి ఉత్తరాది లారీ డ్రైవరు వచ్చాడు. ఎప్పుడు బయల్దేరతాడో అడగమని బాబాయిని పిలిపించారు. బాబాయి అతని భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు, బీడీ ఇచ్చాడు, ఇద్దరూ కాసేపు చేతులూపుకున్నారు. వచ్చి "సాయంత్రం చల్లబడ్డాక కదుల్తాడంటండీ" అన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే లారీ వెళ్ళిపోయింది. "మనసు మార్చుకున్నట్టున్నాడండీ" అన్నాడు. సుబ్బరామయ్య గారు సరేనన్నారు. బాబాయి నా వైపు చూసి కన్ను గీటాడు. ఆయనకి హిందీ రాదన్న గుట్టు మోస్తున్న గూఢచారిని నేనేనని ఎంత గర్వపడ్డానో. అయితే ఒకటి, మామూలు మాటలు రావు గానీ సీరియల్లో హిందీ మాత్రం ఆయనకి అర్థమవుతుందని నమ్మాను. ఏం చెయ్యను, ఆయన అంత బాగా చెప్పేవాడు.

ముఖ్యంగా ఆ కప్పు. బట్టతలాయన టీ తాగి కప్పు బోర్లించినప్పుడు అతను అనే మాటని బాబాయి ప్రతివారం ఇలా చెప్పేవాడు. "నలుగురిలో నిన్నెరగనన్నాను గానీ, నువ్వు మావాడివే. ఓపిక పట్టు, నిన్ను నేను చూసుకుంటా, అంటున్నాడండీ. కప్పు బోర్లిస్తే అది గుర్తు. అవతల వాచీల సారుకి తెలిసిపోద్ది." హాలంతా తృప్తిగా నిట్టూర్చేది. "పైకి అట్లా ఉంటాడు గానీ మంచోడేరా బట్టతలాయన" అనేవారు సుబ్బరామయ్య గారు. నాకైతే మిగతా సీరియలంతా ఒక ఎత్తు, ఆ కప్పు ఒక ఎత్తు. ఎంతమంది కాదన్నా ఎక్కడో ఒక కిటికీ దగ్గర నన్ను కనిపెట్టుకుని ఉండేవాడు ఒకడుంటాడన్న మాట పదో తరగతి చదివే పిల్లకి ఎంత ధైర్యమో చెప్పలేను.

సుబ్బరామయ్య గారి పెద్దమ్మాయి వసుంధరక్క. గుమ్మం దగ్గర కూర్చుని టీవీ కంటే బాబాయినే ఎక్కువ చూసేది. నాకు అర్థమయ్యేసరికే వాళ్ళ వ్యవహారం చాలా దూరం పోయింది. బాబాయి నన్ను పిలిచి, "నువ్వు నా ఏజెంటువే" అన్నాడు. మా పని దిండ్ల మీద నడిచింది. వాళ్ళింటి దిండ్లు ఏకి మళ్ళీ కుట్టించడానికి మా ఇంటికి వచ్చేవి. నేను నెత్తిన పెట్టుకుని తిరిగి ఇచ్చి వచ్చేదాన్ని. దిండు మూల కుట్టు ఎర్రదారంతో ఉంటే ఆ మధ్యాహ్నం గోడౌనుకి రమ్మని, తెల్లదారమైతే వద్దని. ఆ ఏడాది ఆ ఇంట్లో దిండ్లకి వచ్చినంత రోగం ఏ ఇంట్లోనూ దిండ్లకి వచ్చి ఉండదు. "మీ ఇంట్లో దిండ్ల మీద పడుకుంటారా, తొక్కుతారా?" అని నాయనమ్మ వసుంధరక్కని అడిగింది కూడా. నాకు బాబాయి ఒకటే నియమం చెప్పాడు. "పట్టుబడితే నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. నోరు విప్పావంటే మన రహస్య మిషను చెడిపోద్ది. తర్వాత నేను చూసుకుంటా." నేను తలూపాను. అంతకు ముందు ఎవరూ నాతో అంత నమ్మకంగా మాట్లాడలేదు.

పత్తి ముమ్మరంగా దిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం వాళ్ళిద్దరూ గోడౌన్లో గుట్టల వెనక మాట్లాడుకుంటున్నారు. నేను తలుపు దగ్గర కాపలా. ఉన్నట్టుండి వసుంధరక్క తమ్ముడు రమణ లోపలికి దూసుకొచ్చాడు. ఇంటర్ చదివే కుర్రాడు, వాళ్ళ నాన్న కంట పడకుండా క్రికెట్ బ్యాటు గోడౌన్లో దాచుకునేవాడు, దానికోసం వచ్చాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే అంతా బయటపడేది. నేను "పామో" అని కేకేసి వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం వెళ్ళి పత్తి గుట్టలో పడ్డాం. ఆ గందరగోళంలో వాళ్ళిద్దరూ పత్తి తూచే కాటా వైపు తలుపులోంచి జారుకున్నారు. నా కేక విని పరిగెత్తుకొచ్చిన గుమాస్తాకి కనబడింది మాత్రం నేనూ రమణా. ఒంటి నిండా పత్తి, జుట్టు నిండా పత్తి. దూదేకులవాళ్ళ పిల్ల తలలో దూది ఏ రోజు ఉండదని? కానీ ఆ రోజు ఉన్న దూదికి వేరే అర్థం వచ్చింది. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది.

మా పంచలో పంచాయితీ పెట్టారు. నాన్న కొట్టలేదు, అడిగాడు. "ఎందుకెళ్ళావే అక్కడికి?" నేను పెదవి కొరుక్కుని నిలబడ్డాను. నాయనమ్మ ఏడుస్తోంది. అమ్మ పరుపు కుడుతూ తల ఎత్తలేదు. నాన్న బాబాయి వైపు తిరిగి, "నీ వెంబడే తిరుగుద్ది గదరా, నీకేమన్నా తెలుసా?" అన్నాడు. బాబాయి విల్లు దగ్గర నిలబడి ఉన్నాడు. "నాకేం తెలుసన్నా? నేను పని చేసుకుంటున్నా. అది ఎటు తిరుగుతుందో నాకెట్లా తెలుస్తుంది?" అన్నాడు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ఒళ్ళు పులకరించింది. అచ్చం సీరియల్లో మాదిరే అన్నాడు, బల్ల గుద్దడం ఒక్కటే తక్కువ. నా మిషను చెడిపోలేదు. ఇక కప్పు ఎప్పుడు బోర్లిస్తాడా అని చూడటమే మిగిలింది.

మర్నాటి నుంచి నన్ను బడికి పంపలేదు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి, లెక్కల టీచరు గారు ఇంటికొచ్చి అడిగినా నాన్న ఒప్పుకోలేదు. నన్ను వినుకొండలో మేనత్త ఇంటికి పంపేశారు. రమణని వాళ్ళ నాన్న నాలుగు తిట్లు తిట్టి గుంటూరు హాస్టల్లో చేర్పించాడు. వాడి చదువుకి ఏ లోటూ రాలేదు. వసుంధరక్కకి ఒంగోలు వైపు సంబంధం చూసి ఆ ఎండాకాలమే పెళ్ళి చేసేశారు. ఆమె కూడా నోరు విప్పలేదు. వినుకొండలో కొండ కింద ఇల్లు, మధ్యాహ్నం రాళ్ళ వేడి గోడల్లోంచి వచ్చేది. మేనత్త మంచిదే, వేపనూనె రాసుకుని ఎప్పుడూ ఘాటుగా వాసన వేసేది. నేను పెళ్ళిపరుపులు కుట్టడం నేర్చుకున్నాను. మా ఈడు పిల్లలు పరీక్షల అట్టలు పట్టుకుని వీధిలో పోతుంటే సూది కిందపెట్టి చూసేదాన్ని. ఏడవలేదు. బాబాయి వస్తాడు, నాన్నకి చెప్తాడు, నన్ను తీసుకెళ్తాడు, వచ్చే ఏడు పరీక్ష రాస్తాను. నాకు ఆ సంగతి తెలుసు, వాళ్ళకే తెలీదు, అనుకునేదాన్ని.

వచ్చాడు. మేనత్త ఇంట్లో ఏదో శుభకార్యానికి అందరితో పాటు వచ్చాడు. అప్పటికే ఆయన పెళ్ళి కుదిరింది. అందరికీ టీలు ఇస్తూ ఆయనకి గాజుగ్లాసులో ఇచ్చి, గుమ్మం పక్కన నిలబడి చూశాను. ఆయన టీ ఊదుకుంటూ తాగాడు. పక్కాయనతో వర్షాల గురించి మాట్లాడాడు. అడుగున మిగిలింది కూడా తాగేసి గ్లాసు నా చేతికిచ్చాడు. మామూలుగా, నిలువుగా. నా మొహం వైపు చూడలేదు. గ్లాసు కడుగుతూ, మర్చిపోయాడేమో, జనం ఉన్నారని భయపడ్డాడేమో, అని చాలాసేపు సర్దిచెప్పుకున్నాను. తర్వాత మేనత్త కొడుకుతోనే నా పెళ్ళైంది. ఆయన మంచి మనిషి, ఇప్పుడు లేరు. మా అబ్బాయి హైస్కూల్లో ఉండగా వాడి పుస్తకాలతోనే ప్రైవేటుగా పదో తరగతి కట్టి పాసయ్యాను. ఆ తర్వాత చదివాను, కథలు రాశాను, నలుగురూ రచయిత్రి అన్నారు. అమ్మ మాత్రం నా కథ పత్రికలో పడిందని చూపిస్తే, "చదువుకునే రోజుల్లో గోడౌన్ల వెంట తిరక్కపోతే ఇంకెన్ని రాసేదానివో" అంది.

ఇదంతా ఎందుకు గుర్తుచేసుకున్నానంటే, టీవీలో ఆ భాగం చివరికొచ్చింది. కిటికీ, బట్టతలాయన, టీ. నేను సంబరంగా, "చూడు షాహీనా, ఇప్పుడు చూడు, ఇదే అసలు ముక్క" అన్నాను. ఆయన ఏదో అన్నాడు, కప్పు బోర్లించాడు. షాహీన పకపకా నవ్వింది. తను కర్నూలు పిల్ల, వాళ్ళింట్లో ఉర్దూయే మాట్లాడతారు. "నవ్వుతావేంటి? నువ్వు మావాడివే, నిన్ను నేను చూసుకుంటా అంటున్నాడు గదా?" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి, "లేదత్తయ్యా, టీలో పంచదార ఎక్కువైందని ప్యూనుని తిడుతున్నాడు" అంది. ఇంకో భాగం పెట్టించాను. అందులోనూ పంచదారే. మరోటి, దాంట్లో ఈగ పడింది. సీరియల్ మొత్తానికి అదొక వేళాకోళం అట. అక్కడ వాచీల సారుని కనిపెట్టుకుని ఉన్నవాడు ఎవడూ లేడు. పైవాళ్ళు వదిలేశారంటే నిజంగానే వదిలేశారు. నవ్వించడానికి తీసినవాళ్ళు కూడా ఆ సంగతి దాచలేదు. మాకే బాబాయి దాచిపెట్టి చెప్పాడు.

ఇప్పుడు ఎవరికీ బాబాయి అక్కర్లేదు. ఏ భాషలో మాట్లాడినా కింద తెలుగు అక్షరాలు వేయించుకోవచ్చు, నమ్మకం లేకపోతే ఆపి మళ్ళీ చూడొచ్చు. అప్పుడు మాకు ఒక హాలు, ఒక టీవీ, స్టూలు మీద ఒక మనిషి. ఆయన ఏం చెప్తే అదే కథ. ఆ హాల్లో పది ఇళ్ళవాళ్ళం భుజం భుజం రాసుకుంటూ కూర్చుని నవ్విన నవ్వు ఇప్పుడు లేదని నేనే ఎన్నోసార్లు రాశాను, సభల్లో చెప్పాను. ఆ మాటలు నా మొహానే కొట్టినట్టనిపించింది ఆ పూట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బాబాయి హాల్లోకి వచ్చి అమ్మ మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను నేరుగా అడిగాను. "బాబాయ్, వాచీల సారులో బట్టతలాయన కప్పు బోర్లించేటప్పుడు ఏమనేవాడు?"

ఆయన నవ్వాడు. "నాకేం తెలుసే? నాకు హిందీ ఎక్కడొచ్చు?"

"మరి నిన్ను నేను చూసుకుంటా అన్నాడని చెప్పావు?"

"మొదటి వారం నువ్వు ఏడిచావు గదే, పాపం ఆయన్ని అందరూ వదిలేశారని. వెక్కి వెక్కి ఏడిచావు, ముక్కు కారుకుంటా. నిన్ను ఊరుకోబెట్టడానికి అనేశా. అందరికీ నచ్చింది, ఇక ప్రతివారం అదే చెప్పాల్సొచ్చింది."

నాకు కోపంతో పాటు ఏడుపొచ్చింది. నా కోసం పుట్టించిన అబద్ధమే నన్ను అన్నేళ్ళు వినుకొండలో కూర్చోబెట్టింది. "ఇన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు బాబాయ్. ఇప్పుడు నువ్వు విప్పు. ఆ రోజు గోడౌన్లో ఉంది నువ్వూ వసుంధరక్క అని అమ్మకి చెప్పు. నేను వినాలి" అన్నాను.

ఆయన కట్టు లేని కంటితో నన్ను వింతగా చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "ఏంది వదినా, దీనికి చెప్పలేదా నువ్వు?" అన్నాడు. ఆపైన నాతో అన్నాడు. "పంచాయితీ అయిన గంటకే మీ అమ్మ కాళ్ళ మీద పడ్డానే. అన్నకి చెప్పేస్తానొదినా, పిల్ల బతుకు పాడైపోద్ది అన్నా. మీ అమ్మే ఒద్దంది. నోరెత్తితే ఒట్టే అంది. తర్వాత నీకు చెప్పే ఉంటదిలే అనుకున్నా."

"అమ్మా?" అన్నాను.

"అవును" అంది అమ్మ. గొంతులో తొణుకూ లేదు, బెణుకూ లేదు. "చెప్తే ఏమయ్యేది? సుబ్బరామయ్య కూతురితో మనోడు అని తెలిస్తే వీణ్ణి బతకనిచ్చేవాళ్ళా? మనల్ని ఊళ్ళో ఉండనిచ్చేవాళ్ళా? ఆయన పత్తి ఇవ్వకపోతే ఏం తినేవాళ్ళం? నీ మీద పోతే ఓ మాటతో పోయింది. ఆడపిల్లవి, ఎప్పటికైనా ఇంకో ఇంటికి పోయేదానివే."

"నాకైనా చెప్పొచ్చుగదమ్మా. లోపల్లోపల, నాకొక్కదానికి."

"చెప్తే నువ్వు ఎవరితోనన్నా అనేదానివి."

"అన్నానా? ఈ రోజు దాకా ఎవరితోనైనా అన్నానా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదు. అనలేదు" అంది.

"సరే, నాన్న పోయాడు, సుబ్బరామయ్య గారూ పోయారు. అంతా తెలిసుండి ఇన్నేళ్ళూ గోడౌను గోడౌను అని నన్నెందుకు పొడిచావు? నా కోడలి ముందు కూడా?"

"మొదట్లో జనం నమ్మాలని అన్నా. కన్నతల్లే అంటోంది గదా, నిజమేలే అనుకోవాలని. అంటా అంటా ఉంటే అదే నిజం మాదిరి నోటికి అలవాటైపోయింది." చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "ఇప్పుడవన్నీ ఎందుకే? నువ్వు బాగానే ఉన్నావుగా."

బాబాయి తల దించుకున్నాడు. ఆ మనిషి మీద అన్నేళ్ళు పెంచుకున్న కోపం చేతిలో మిగిలిపోయి, ఎవరికివ్వాలో తెలీలేదు నాకు. పిరికివాడే, కాదనను. కానీ ఒక్కసారైనా నా బతుకు పాడైపోతుందని అన్న మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే. పంచాయితీ రోజు పరుపు కుడుతూ అమ్మ తల ఎత్తకపోతే, నా పరువు పోయిందన్న బాధతో చూడలేకపోతోందని అనుకున్నాను. నా పెళ్ళిలో, నా కాన్పులో, మా ఆయన పోయినప్పుడు, ఎప్పుడు మొహం తిప్పుకున్నా అదే అనుకున్నాను. ఆమెని క్షమించాల్సిన అవసరం ఉందని కూడా నాకు ఏనాడూ తోచలేదు. తప్పు చేశానని నమ్మిన కూతుర్ని కూడా వదిలేయకుండా పలకరించింది గదా, అమ్మ గొప్పది, అనుకునేదాన్ని. మా అమ్మ గురించి ఒక కథ కూడా రాశాను. అందరూ మెచ్చుకున్నారు.

లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎండ ఇంకా తగ్గలేదు. ఎదురింటివాళ్ళు మేడ మీద మిరపకాయలు ఆరబోశారు. కళ్ళు మండుతున్నాయి, తుడుచుకోలేదు. లోపల్నించి అమ్మ పిలిచింది.

"మస్తానీ, కాసిని మంచినీళ్ళు."

ఇన్నేళ్ళలో ఆమె పిలిస్తే నేను పలకని రోజు లేదు. మళ్ళీ పిలిచింది. షాహీన వంటింటి గుమ్మంలోకి వచ్చి, లేస్తానేమోనని నా వైపు చూసింది. నేను లేవలేదు. ఆ పిల్లే గ్లాసు పట్టుకుని వెళ్ళింది. "నువ్వు తెచ్చావేంది? అది ఏదీ?" అని అమ్మ అడుగుతోంది. నేను అక్కడే కూర్చున్నాను.